పసుపు వదిలిన ముక్కు

బట్టల దుకాణంలో అన్నిటికన్నా కష్టం నలుపు అమ్మడం. కార్తీకం వచ్చిందంటే కామారెడ్డిలో వీధికి పదిమంది అయ్యప్ప మాలలో కనిపిస్తారు. నల్ల లుంగీలు, నల్ల కండువాలు తానులకు తానులే కదులుతాయి. అయినా ఒక్కడూ ట్యూబులైటు కింద చూసి కొనడు. గుడ్డను చేతిలో పట్టుకుని గడప దాటి రోడ్డు మీదికి పోతాడు. ఎండలో అటూ ఇటూ తిప్పుతాడు. లోపల నల్లగా మెరిసింది బయట గోధుమ రంగో నీలమో కొడుతుంది. కొట్టిందా, ఇక ధర వాడు చెప్పిందే. "గిరాకీని గడప దాటనియ్యకు బిడ్డా" అనేవాడు మా బాపు. దుకాణంలో దొంగల కన్నా ఎండకే ఎక్కువ భయపడేవాడు.

నేను సరుకు కొనేటప్పుడు మాత్రం గడప దాటడంతో ఊరుకోను. తెల్ల జేబురుమాలు తడిపి గుడ్డ మూల రుద్ది రంగు దిగుతుందేమో చూస్తాను. ఒక నీటిచుక్క వేసి పీలుస్తుందో జారుతుందో చూస్తాను. సరుకు తెచ్చే ఏజెంట్లు నన్ను చూడగానే గ్లాసుతో నీళ్లు వాళ్లే ముందు పెడతారు. పెళ్లిచూపుల్లో తన చీర కొంగు నలిపి చూశానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. నలపలేదు. నలపాలనిపించింది, అంతే.

ఆ ఏడు తూర్పున తుపాను తీరం దాటింది. మా దాకా వచ్చేసరికి అది ఈదురుగాలిగా, వదలని ముసురుగా మారింది. కల్లాల్లో వడ్లు తడిసి మొలకలెత్తుతున్నాయి. దుకాణానికి వచ్చినవాళ్లు కూడా బట్టల మాట వదిలి మబ్బు మాటే మాట్లాడుతున్నారు. ముసురు విడిచిన పొద్దున ఎల్లారెడ్డి నుంచి మా అక్క ఫోను చేసింది.

"తమ్మీ, మీ బావ... కాదు, స్వామి. స్వామికి పీఠం కాడ ఒక పిట్ట దొరికిందిరా. నిన్నటి సంది ఒక్క గింజ ముట్టలే."

మాలలో ఉన్న మనిషిని పెళ్లామైనా స్వామి అనాలి. అక్కకు ఆ మాట ఇంకా నోటికి అలవాటు కాలేదు. బావ తొలిసారి మాల వేసుకున్నాడు. దానికి కారణం ఉంది. ఆయనకు ట్రాలీ ఆటో ఉంది. ఎండాకాలంలో లింగంపేట దగ్గర మక్క బస్తాల లోడుతో అది బోల్తా పడింది. బండి నుజ్జయి నెలరోజులు షెడ్డులో ఉంది కానీ ఆయన మోచేతి మీద గీరుడుతో లేచి నిలబడ్డాడు. ఆ రోజే మొక్కుకున్నాడు. ఇంటి ముందు నీలం టార్పాలిన్ పందిరి వేసి, దాని కింద చిన్న పీఠం పెట్టుకున్నాడు. గాలివాన రాత్రి గడిచి తెల్లవారేసరికి ఆ పీఠం మెట్టు మీద ఈ పిట్ట ముడుచుకుని కూర్చుని ఉందట.

"నన్ను బతికించిండు గద, ఇగ నా చేతికి ఒక పానం పంపిండు అంటున్నడు," అంది అక్క. "అది సచ్చిపోతే ఈ మనిషి తట్టుకోడు తమ్మీ. అన్నం సుత సరిగ తింటలేడు."

ఫోటో పంపింది. పావురం కన్నా కాస్త పొడుగు, సన్నం. నల్ల కండువా మీద కూర్చోబెట్టారు. పసుపుపచ్చ ముక్కు, ఎర్రటి కాళ్లు, నుదుట విభూతి. టార్పాలిన్ వెలుతురులో ఒళ్లంతా నీలమో బూడిదో తెలియని రంగు.

నాకు పిట్టల్లో తెలిసినవి కాకి, కోడి. కానీ నా గిరాకీల్లో ఒక మేడమ్ ఉంది. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఆదివారమొస్తే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పోచారం చెరువు కట్ట మీదో, నిజాంసాగర్ వెనక నీళ్ల పక్కనో తిరుగుతుంది. బేరంలో నన్ను ఓడించే మనిషి ఆమె ఒక్కతే. చీర ఎంత నచ్చినా ముఖంలో ఒక గీత కదలనివ్వదు. ఫోటో ఆమెకు పంపాను. కాసేపటికి ఫోను చేసింది.

"రివర్ టెర్న్ అనే నీటిపిట్ట లెక్క ఉన్నది సేటూ. పసుపు ముక్కు, ఎర్ర కాళ్లు. మన పోచారంలనే ఉంటయి. గాలికి అలిసిపోయి పడ్డట్టుంది. జెర తేరుకున్నంక నీళ్ల ఒడ్డుకు వదిలితే అదే పోతది. కానీ వీపు రంగు నాకు నచ్చుతలేదు. ఫోటోల లైటు వల్లనో ఏమో."

నేను అక్కకు ఫోను చేసి మొదటి ముక్క మాత్రమే చెప్పాను. పోచారం పిట్ట, నీళ్ల దగ్గర వదలండి అని. చివరి ముక్క నాలోనే ఉంచుకున్నాను. అమ్మేవాడు అనుమానాన్ని పొట్లం కట్టి ఇవ్వడు కదా. అలవాటు.

ఆ వెంటనే ఒక కుర్ర స్వామి నల్ల లుంగీ పట్టుకుని గడప దాటాడు. ఎండలో తిప్పాడు. వెనక్కి వచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది నలుపు కాదు స్వామీ. లైటు కింద నలుపు."

రోజూ వినే మాటే. కానీ ఈసారి బేరం మాట మరిచిపోయాను. వీపు రంగు నచ్చుతలేదు అన్న మేడమ్ గొంతు మళ్లీ వినిపించింది. ఆమెకు నచ్చలేదంటే, చీరైనా సరే, అందులో ఏదో లోపం ఉన్నట్టే. అక్కకు ఫోను చేశాను. ఎత్తలేదు. బావకు చేశాను. స్విచ్ ఆఫ్. పూజలో ఉండి ఉంటాడు, లేదా పూజ ముగించి బయలుదేరి ఉంటాడు. దుకాణం మా ఆవిడకు అప్పజెప్పి బండి తీశాను.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ రోజు ఎంతకీ తరగలేదు. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా వచ్చే లారీకి దారివ్వాలంటే బురదలోకి దిగాలి. ఆగిన ప్రతిచోటా ఫోను చేశాను. అక్క ఎత్తలేదు. ఎదురుగా ట్రాలీ ఆటో కనిపిస్తే చాలు, డ్రైవరు నల్ల బట్టల్లో ఉన్నాడేమోనని తొంగి చూశాను. ఒక పిట్ట కోసం ఇంత ఏంట్రా అని నన్ను నేనే అడిగాను. పిట్ట కోసం కాదు. నా మాట నమ్మి ఆ మనిషి దాన్ని తీసుకుపోతున్నాడు.

వీధి మలుపు తిరిగేసరికి ట్రాలీ ఇంజన్ చప్పుడు వినిపించింది. పందిరి కింద అక్క, ఆమె పక్కన ఎదురింటి ఆమె. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. రెండిళ్ల మధ్య కూరగిన్నెలు రోజూ తిరుగుతాయి కానీ, బావ మాల వేసుకున్నప్పటి నుంచి అటునుంచి గిన్నె రావడం ఆగింది. పీఠం ముందు ఇత్తడి బేసిన్లో నీళ్లు. దాని పక్కనే కూర్చున్న బావ ఒడిలో అట్టపెట్టె.

"సమయానికొచ్చినవ్," అన్నాడు బావ. "తానం జేయించి పోచారం తీస్కపోతున్న. నువ్వు సుత రా."

"స్వామీ, జెర ఆగు. ఒక్కసారి చూస్త."

పెట్టెలోకి వంగాను. పిట్ట కళ్లు సగం మూసుకుని ఉంది. ఛాతీ గబగబా కొట్టుకుంటోంది. ముక్కు మీది పసుపు ఒక చోట మందంగా, ఒక చోట పలచగా ఉంది. అద్దకం సరిగా పడని గుడ్డలాగా. చేయి దానంతట అదే జేబులోకి పోయింది. జేబురుమాలు తీసి, బేసిన్లో కొస తడిపి, ముక్కు మీద మెల్లగా రాశాను.

"ఏంది, దానికి చీమిడి కారుతున్నదా?" అన్నాడు బావ.

జేబురుమాలు పచ్చగా అయింది.

"అక్కా, రంగు దిగుతున్నది!"

"దిగదా మరి? పసుపు పెట్టినం గద. ఇంటికొచ్చిన అతిథికి బొట్టు పెట్టకుంట ఉంచుతమా?"

"కాళ్లకు?"

"పారాణి."

కాళ్లు తుడిచాను. ఎరుపు పోయి నల్లటి కాళ్లు బయటపడ్డాయి. వేళ్ల మధ్య బాతుకున్నట్టు సన్నటి పొర. ముక్కు కూడా నలుపే, సూదిలాంటి నలుపు. ఇక మిగిలింది నుదురు.

"విభూతి ఎవరు పెట్టిండ్రు?"

"విభూతి ఎవ్వరు పెట్టలే. వచ్చినప్పుడే ఉన్నది," అన్నాడు బావ. "అందుకే గద దీన్ని సుత స్వామి అన్నది. నల్ల బట్టలు, నుదుట తెలుపు. నాకంటే ముందే మాలేసుకున్నడు."

నుదురు రుద్దాను. ఇంకోసారి రుద్దాను. జేబురుమాలుకు ఏమీ అంటలేదు. పెట్టిన రంగులన్నీ దిగిపోయాయి. పెట్టారనుకున్న రంగు మాత్రం దానిదే.

పెట్టె ఎత్తుకుని టార్పాలిన్ నీడ దాటి రోడ్డు మీదికి వచ్చాను. ఎండలో వీపు చూశాను. మేడమ్‌కు ఫోను చేసి అంతా చెప్పాను.  చీర ఎంత నచ్చినా బయటపడని మనిషి, ఈసారి ఆమె గొంతు వేరుగా వచ్చింది.

"నుదుటి తెలుపు కన్ను దాటి వెనక్కి పోయిందా?"

"లేదు. కంటి కాడికే ఆగింది."

"మెడ వెనక తెల్ల పట్టీ ఉన్నదా?"

"లేదు. నెత్తి, మెడ, వీపు ఒక్కటే తాను. ఎక్కడ అతుకు లేదు. కింద మొత్తం తెలుపు."

"వీపు గోధుమ గొడుతున్నదా? బాగ చూడుండ్రి."

"మేడమ్, నలుపు సంగతి నాకు జెప్పకుండ్రి. ఎండల నిలబడి చెప్తున్న. పక్కా నలుపు. తోక కత్తెర లెక్క చీలి ఉన్నది."

"అయితే నాది తప్పు సేటూ. పోచారంది కాదు. సూటీ టెర్న్. మసి రంగు సముద్రపు పిట్ట. ఒడ్డు దగ్గర ఉండేది సుత కాదు, నడి సముద్రం మీద తిరిగేది. గుడ్లు పెట్టెతందుకు దీవులకు పోతది, లేకుంటే ఏండ్లకేండ్లు గాలిలనే ఉంటది. తుపాను ఎత్తుకొచ్చి ఈడ పారేసింది. దాన్ని నీళ్లల్ల మాత్రం వదలకుండ్రి."

"సముద్రపు పిట్టకు నీళ్లు పడవా?"

"బాతుకున్నట్టు నూనె ఉండదు దాని ఈకలకు. నీళ్ల మీద కూసోదు. ఎగురుకుంటనే పైపైన చేపల్ని ఎత్తుకుంటది. తడిస్తే బరువెక్కి మునిగిపోతది. తానం గీనం చేయించిండ్రా?"

బేసిన్ వైపు చూశాను. బావ చెంబు ముంచుతున్నాడు.

పరుగెత్తుకొచ్చి విషయం చెప్పాను. ఆయన చెంబు పక్కన పెట్టలేదు.

"పొద్దుగాల పోచారంది అన్నది. గిప్పుడు సముద్రంది అంటున్నది. మాపటికి ఆకాశంది అంటదా?"

"ఆకాశంది అనే అంటున్నది స్వామీ."

"నీకు ఎగతాళి. కాళ్లకు బాతు లెక్క పొరలున్నయి. నీళ్లల్ల ఉండకపోతే దేవుడు అవి ఎందుకిచ్చిండు?" ఇంజన్ చప్పుడు మించి అరిచాడు. "తిండి ముడుతలేదు. నా పందిట్ల సస్తది. నీళ్ల పిట్టకు నీళ్లే పానం. దాన్ని దాని జాగల వదిలితే బతుకుతది. నేను మొక్కుకున్న."

బేరంలో అవతలివాడు గొంతు పెంచితే నేను నవ్వించాలని చూస్తాను. అది నా పాత విద్య. "ఇంతకు ఈ స్వామికి మాలేసిన గురుస్వామి ఎవరు? అడ్రసు తెల్వకుంటనే సాగనంపుతున్నవా?" అన్నాను.

ఎదురింటామె పక్కుమంది. బావ నవ్వలేదు. ముఖం ఎర్రగా చేసుకుని పెట్టె లాక్కోబోయాడు. ఆ గుంజులాటకు పిట్ట ఒక రెక్క విప్పింది. ఆ రెక్క ఎంత పొడుగో అప్పుడు చూశాం. అట్టపెట్టె అంచు దాటి, నా మోచేయి దాటి పోయింది. ఆ పొడుగు చెరువుల కోసం కాదని చదువు లేకుండానే తెలుస్తుంది. కానీ దాన్ని మళ్లీ ముడుచుకోవడానికి కూడా పిట్టకు ఓపిక లేకపోయింది. వేలాడిపోయింది. మేమిద్దరం ఒకేసారి చేతులు వదిలేశాం.

అక్క వచ్చి రెక్కను రెండు చేతులతో మడిచి లోపల పెట్టింది. "కొట్టుకుండ్రి. అది సచ్చినంక సుత కొట్టుకుండ్రి," అంది.

 మాటలతో బేరం తెగనప్పుడు మా బాపు ఒకటే చేసేవాడు. గిరాకీతో వాదన మానేసి గుడ్డ వాడి చేతిలోనే పెట్టేవాడు. ఎదురింటి వాకిట్లో ఆమె బాతులు తిరుగుతున్నాయి. నేల మీద ఒక తెల్ల ఈక పడి ఉంటే తెచ్చాను. బావ ముందు పట్టుకుని వేలితో ఒక నీటిచుక్క వేశాను. చుక్క ముత్యంలా దొర్లి కింద పడింది.

"గిప్పుడు నువ్వు వెయ్ స్వామీ. దాని వీపు మీద. ఒక్కటే చుక్క."

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. వేలు ముంచి, పిట్ట వీపు మీద ఒక చుక్క వదిలాడు. చుక్క కాసేపు నిలిచింది. దొర్లలేదు. అంచులు మెత్తబడి, మెల్లగా ఈకల్లోకి దిగిపోయింది. ఆ చోట నలుపు ఇంకా నల్లబడింది. బావ వంగి అక్కడే చూస్తూ ఉండిపోయాడు. వేలితో తడిమాడు. తడి. పొట్ట కింద వేలు పెట్టాడు. రాత్రి తీర్థమని చల్లిన నీళ్లు అక్కడ ఇంకా ఆరలేదు.

వెళ్లి ఇంజన్ ఆపేశాడు. వీధంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.

"మరి నేనే సంపుతుంటినా?" అన్నాడు.

"తెల్వదు గద స్వామీ," అంది అక్క.

ఫోన్లో మేడమ్ ఇంకా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. స్పీకరు పెట్టాను. పొడిగుడ్డలో చుట్టండి, చీకటిగా వెచ్చగా ఉంచండి, ఫారెస్టు వాళ్లకు నేను చెబుతాను అంది. "తిండేం పెట్టిండ్రు?"

"అరటిపండు. నానిన పెసర్లు. అటుకుల ప్రసాదం," అంది అక్క.

"అది తినేది చేపలే అమ్మా. చిన్నయి. ఇప్పుడు కడుపుల పడకుంటే బండి వచ్చేదాక ఉండదు."

 మాల ఉన్న ఇంటి గడప లోపలికి చేప రాకూడదు. ఆ మాట బావ అనలేదు. అనాల్సిన పని లేదు. ఆయన పీఠం వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. బేరంలో ముందు పలికినవాడు ఓడినట్టే అని నేను పదిమందికి చెప్పి ఉంటాను. ఆ రోజు ఊరుకున్నది గెలవడానికి కాదు. ఆయన మొక్కుకు ధర చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

ఎదురింటామె గొంతు సవరించుకుంది. "పొద్దుగాల వాగుల పట్టిన సన్న చేపలున్నయి మా ఇంట్ల. ఇంక తోమలే. కానీ మీ స్వామి మా వాకిట్లకొస్తడా?"

బావ పెట్టె ఎత్తుకున్నాడు. చెప్పుల్లేని కాళ్లతో బురద వీధి దాటి ఆమె గడప ముందు గొంతుక్కూర్చున్నాడు. "నా ఇంట్ల పెట్టొద్దు గద," అన్నాడు. "పానం పోనియ్యొద్దు అని సుత ఉన్నది."

పిట్టను ఒకరు పట్టుకోవాలి, ఒకరు ముక్కు తెరవాలి. నేను పట్టుకుంటానన్నాను కానీ, గుడ్డను తప్ప ప్రాణమున్నదాన్ని పట్టిన చేతులు కావు నావి.  బావే పట్టుకున్నాడు. రెండు అరచేతుల్లో రెక్కలు అదిమి, కళ్లు మూసుకుని, లోగొంతుకతో శరణాలు చెప్పుకోసాగాడు. నేను ముక్కు తెరిచాను. ఎదురింటామె వేలెడంత చేపను నీళ్లలో ముంచి, మేడమ్ చెప్పినట్టు తల ముందుగా లోపలికి పెట్టింది.

పిట్ట తల విదిల్చింది. చేప బావ మోకాలి మీది నల్ల లుంగీపై పడింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ కళ్లు తెరవలేదు. ఏం పడిందో ఆయనకు తెలుసు. శరణాలు మాత్రం ఆగలేదు, కొంచెం గట్టిగా అయ్యాయి.

రెండో చేప ముక్కులోనే నిలిచిపోయింది. లోపలికి పోదు, బయటికి రాదు. "మింగు బిడ్డా, మింగు," అని ఎదురింటామె గొణుగుతోంది.  గొంతు దగ్గర ఈకలు ఒకసారి ఉబ్బాయి. ఆగాయి. మళ్లీ ఉబ్బి కిందికి జారాయి. చేప లేదు.

"మింగిందా?" అన్నాడు బావ, కళ్లు మూసుకునే.

"మింగింది స్వామీ."

"ఇంకోటి పెట్టుండ్రి."

ఆ ఇంకోదానికి నేను ముక్కు తెరవాల్సిన పని పడలేదు.

సాయంత్రం ఫారెస్టు వాళ్లు వచ్చి గాలి రంధ్రాలున్న పెట్టెలో దాన్ని తీసుకుపోయారు. బావ బావి దగ్గర మళ్లీ తలస్నానం చేసి, లుంగీ మార్చి, పూజకు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన నాతో ఇక మాట్లాడలేదు. నేను ఎదురింట్లో చాయ్ తాగి వచ్చేశాను.

బావ కొండకు పోయి ఇంకా తిరిగి రాకముందు మేడమ్ దుకాణానికి వచ్చింది. చీరలు చూడకుండా ఫోను నా ముందు పెట్టింది. వీడియో. ఏదో సముద్రపు ఒడ్డు. వంగిన మనిషి పెట్టె మూత తీస్తాడు. కాసేపు ఏమీ జరగదు. ఆ కాసేపు నేను బల్ల అంచు పట్టుకున్నాను. తర్వాత ఒక నల్లటి గీత అలల మీదికి పోతుంది. తిరుగుతుంది, లేస్తుంది, చిన్నదవుతుంది. ఆమె ఆ రోజు ఏదో చీర తీసుకుంది. ఎంతకిచ్చానో గుర్తులేదు, ఆమెకు గుర్తుంటుంది.

మాల తీసిన తర్వాత బావ కామారెడ్డి వచ్చాడు. దుకాణంలో కూర్చుని చాయ్ తాగాడు, వడ్ల ధర తిట్టాడు, మా ఆవిడను అది ఇది అడిగాడు. పిట్ట మాట ఎత్తడేమో అనుకున్నాను. లేచి గడప దాకా పోయి అప్పుడు అడిగాడు.

"నీళ్ల మీద కూసున్నదా?"

"లేదు బావా. కూసోలే."

మేడమ్ నాకు పంపిన వీడియో పెట్టి ఫోను ఆయన చేతికిచ్చాను. ట్యూబులైటు కింద ఒకసారి చూశాడు. నమ్మకం కుదిరినట్టు లేదు. ఫోను పట్టుకుని గడప దాటి రోడ్డు మీదికి పోయాడు. ఎండలో ఫోను తెర కనిపించదని చెబుదామనుకున్నాను. తెర మీద అరచేయి అడ్డం పెట్టి, వంగి, ఆయన చూస్తూనే ఉన్నాడు. నేను చెప్పలేదు.